తోడుకోని గిన్నె

కడుపు సంగతి నలుగురిలో మాట్లాడకూడదని మా ఇంట్లో చిన్నప్పుడే నేర్పారు. మా నాన్న ఆ మర్యాద పాటించే పోయాడు. పెద్దపేగులో గడ్డ పెరుగుతుంటే నెలల తరబడి ఎవరికీ చెప్పలేదు. ఇక దాచడానికి వీల్లేని రోజున ప్రొద్దుటూరు నుంచి కడపకు, కడప నుంచి వేలూరుకు తీసుకుపోయాం. అక్కడ కడుపు తెరిచి చూసి, మళ్ళీ కుట్టేసి ఇంటికి పంపించారు. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. అందుకని ఆ మర్యాద నేనిక్కడ పాటించబోవడం లేదు. విరేచనాలను విరేచనాలనే రాస్తాను. మొహం చిట్లించుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నాకేం నష్టం లేదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. నాది అనుమానపు బుద్ధి. అది నా జబ్బని మా ఆయన హరి అంటాడు, నా ఉద్యోగమని నేనంటాను. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఎవరో రాసిన ప్రోగ్రాం చక్కగా పనిచేస్తోందని వాళ్ళు సంబరపడుతూ ఉంటే, అది ఎక్కడ చెడుతుందో వెతికి పట్టుకోవడం నా పని. పట్టుకున్నది వాళ్ళు ఒప్పుకోరు. అదే తప్పును వాళ్ళ కళ్ళ ముందు మళ్ళీ చేసి చూపించాలి. అప్పుడు గానీ తప్పని రాసుకోరు. పొద్దస్తమానం ఈ పని చేసి ఇంటికొచ్చే మనిషి, ఇంట్లో ఎవరినైనా ఊరికే ఎట్లా నమ్ముతుంది?

మొదలైంది 2011 వానాకాలంలో. పంటి చిగురు వాస్తే యాంటీబయాటిక్ ఒక కోర్సు వాడాను. వాపు తగ్గింది, విరేచనాలు మొదలయ్యాయి. వానాకాలం నీళ్ళేమో అనుకున్నాం. మేముండేది నిజాంపేటలో, అండాలమ్మ గారింట్లో, మొదటి అంతస్తు. కింద వాళ్ళుంటారు. ముత్తాతల నాటి నుంచీ వాళ్ళది ఈ ఊరే. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా, ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇంకా రెండు బర్రెలుండేవి. రెండు ఇళ్ళవాళ్ళం తాగేది ఒకే నీళ్ళు. వాళ్ళ కడుపులు బాగున్నాయి, హరి కడుపు బాగుంది, మాతో ఉండే మా అత్తమ్మ కడుపూ బాగుంది. చెడింది నాదొక్కటే. కాబట్టి తప్పు నీళ్ళది కాదని తేల్చేశాను.

ఆఫీసు క్యాబ్ ఎక్కాలంటే వణుకు పుట్టేది. మియాపూర్ దాటి కొండాపూర్ మీదుగా మాదాపూర్ చేరేలోపు ట్రాఫిక్ ఆగిందంటే నా ప్రాణాలు అరచేతిలో ఉండేవి. పొద్దున తినడం మానేశాను. మీటింగుల్లో తలుపు పక్క కుర్చీ ఎవరైనా తీసుకుంటే వాళ్ళమీద పీకలదాకా కోపం వచ్చేది. ఒళ్ళు తగ్గిపోతుంటే మా టీములో భీమవరం అమ్మాయి ఒకతె, "భలే సన్నబడ్డారండీ, ఏం డైటండీ?" అని అడిగింది. నవ్వి ఊరుకున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే, చివరి రోజుల్లో మా నాన్నకు ఉన్నట్టు దవడల కింద గుంటలు కనిపించాయి. ఇది నాన్న జబ్బేనని ఆ రోజు నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. హరికి మాత్రం చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందని భయం.

విజయ నన్ను పట్టుకుంది ఆ వారంలోనే. పక్క టీములో పనిచేసేది, నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది, జమ్మలమడుగు పిల్ల. మా ప్రొద్దుటూరుకు కూతవేటు దూరం. అప్పటికే తెలంగాణ ఉద్యమం వేడి ఆఫీసు లోపలికి కూడా వచ్చేసింది. పైకి అందరం నవ్వుతూనే ఉండేవాళ్ళం గానీ, భోజనాల దగ్గర ఎవరి జిల్లా వాళ్ళు ఎవరి బల్ల దగ్గర చేరుతున్నారో కనిపించేది. నేనూ విజయా ఒక బల్ల.

"పద్మక్కా, చిక్కిపోయినావే. కడుపా?" అంది ఒకరోజు.

అంత సూటిగా అడిగినవాళ్ళు అంతవరకు లేరు. నాకు ఏడుపొచ్చేసింది. అంతా చెప్పాను, నాన్న సంగతి తప్ప.

"ఇంగ్లీషు మందులు మింగి పేగులంతా విషం పట్టింటాది. అది బయటికి పోవల్ల. పోయినాక అదే కట్టుకుంటాది," అని మర్నాడు ఒక ఆకుపచ్చ డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. "దీంట్లో కెమికల్ అనేదే ల్యా. అంతా ఆకులు, వేర్ల సారం. అసలిది మందే గాదు. నేనూ తాగుతాండా."

డబ్బా మీద తులసి కొమ్మ బొమ్మ ఉంది. కింద ఇంగ్లీషులో, ప్రాచీన మూలికల మిశ్రమం అని రాసి ఉంది. ఏ మూలికలో, ఎంతెంతో లేదు. ఆఫీసులో ఎవరైనా ఇట్లాంటి వాక్యం రాసిస్తే మొహాన కొట్టి తిప్పి పంపేదాన్ని. ఆదివారాలు మాదాపూర్‌లో ఒక హోటల్ హాల్లో మీటింగులు పెట్టి, చప్పట్లు కొట్టించి అమ్మే సరుకది. అన్నీ తెలుసు. అయినా ఆ డబ్బాను నేను అనుమానించలేదు. మూత తీస్తే మా నాయనమ్మ వంటింటి అటక మీద వచ్చే వాసన వచ్చింది. ఇచ్చింది మన జిల్లా పిల్ల. ఇంకేం చూస్తాం?

పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా, వేడినీళ్ళలో. కడుపు ఇంకా పాడైంది. విజయకు చెబితే సంతోషపడింది. "మంచిదేక్కా, విషం పోతాంది. నాకూ అట్లే అయింది," అంది. మా అత్తమ్మ ఇంకో పక్క నుంచి దానిమ్మ తొక్క కషాయం కాచి పోసేది. ఒకటి తోసేది, ఒకటి పట్టేది. మధ్యలో నేను.

ఒకరోజు క్యాబ్ దిగి మెట్లెక్కలేక మొదటి మెట్టు మీదే కూర్చుండిపోయాను. అండాలమ్మ చూసి హరిని పిలిచింది. ఆయన రెక్క పట్టుకుని పైకి తీసుకెళ్ళి, మంచం మీద కూర్చోబెట్టి, తలుపు వేసి అడిగాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చిగురు వాచినప్పటి నుంచి."

"ఇన్ని వారాలు నాకు చెప్పకుండా ఉన్నావంటే నేనెవరిని ఈ ఇంట్లో?"

దానికి ఉన్న ఒక్క జవాబూ నాన్న పేరు ఎత్తకుండా చెప్పలేను. పొద్దున్నే ఆయన సెలవు పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

కూకట్‌పల్లిలో ఆసుపత్రి. అక్కడి వెయిటింగ్ హాలు నాకు ఇప్పటికీ కలలోకొస్తుంది. గోడకు టీవీ, టీవీలో పొద్దున్నించి ఊరేగింపులు, లాఠీలు, నాయకుల మాటలు. ఒకాయన లేచి చానల్ మారిస్తే ఇంకొకాయన లేచి మళ్ళీ వెనక్కి తిప్పాడు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. కానీ ఎవరు నోరు తెరిచినా, మాటను బట్టి ఇతనిది ఎటువైపో అని మిగతా అందరం లెక్క వేసుకున్నాం. నేను నోరే తెరవలేదు. నర్సు నా పేరు పిలిచినప్పుడు మాత్రం మెల్లిగా అడిగాను, "డాక్టరమ్మది ఏ ఊరమ్మా?" అని.

"వరంగల్ దిక్కు," అంది నర్సు.

కడుపు చూపించుకోవడానికి వచ్చినదానికి ఆ వివరం ఎందుకో నాకే తెలియదు. కానీ విన్నాక, లోపల కుర్చీలో కొంచెం వెనక్కి జరిగి కూర్చున్నాను.

నా వయసే ఉంటుంది డాక్టరమ్మకు. గబగబా మాట్లాడే మనిషి. అన్నీ విని, పొట్ట నొక్కి చూసి, "ఇంకేమన్న మందులు వాడుతున్నరా?" అని అడిగింది.

"లేదండి," అన్నాను.

అబద్ధం చెబుతున్నానని ఆ క్షణాన నాకు తోచనైనా తోచలేదు. ఆకులు మందెట్లా అవుతాయి? దానిమ్మ తొక్క మందెట్లా అవుతుంది? మందంటే చీటీ మీద రాసిచ్చేది.

ఆమె రక్తపరీక్షలు రాసింది, చిన్న చిన్న పొట్లాలు రాసింది. "ఇది ప్రోబయాటిక్. యాంటీబయాటిక్ వాడినప్పుడు పేగుల్ల ఉండే మంచి సూక్ష్మజీవులు గూడ కొన్ని చస్తయి. ఇవి బతికున్నవి, లోపలికి పోయి జర ఆసరా అయితయి. చల్లగ ఉన్నకాడ పెట్టుకోండ్రి. తగ్గకపోతే లోపల కెమెరాతో చూద్దాం," అంది.

కెమెరా అన్న మాట తర్వాత ఆమె ఏం చెప్పిందో నాకు వినపడలేదు. మా నాన్నకూ మొదట కెమెరాతోనే చూశారు.

తర్వాతి నెలలో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి. బొగ్గు గనుల్లో కూడా పని ఆగిందని, అందుకని కరెంటు తీసేస్తున్నారని చెప్పుకున్నారు. గంటల తరబడి ఫ్రిజ్ ఆగిపోయి కింద నీళ్ళు కారేవి. నేను రోజూ ఆ పొట్లాలు తీసి చేత్తో తడిమి చూసేదాన్ని. బతికున్న మందట. ఫ్రిజ్జే వెచ్చగా ఉంటే లోపల ఏం బతుకుతుంది? పైగా విరేచనాలు ఇసుమంతైనా తగ్గలేదు. నా బుర్ర ఇక ఊరుకోలేదు. అసలు ఇది కొన్ననాడైనా బతికుందా? నోరు తెరవగానే మేము ఎక్కడి వాళ్ళమో తెలిసిపోతుంది కదా, పాత సరుకు అంటగట్టలేదని ఏమిటి నమ్మకం?

బతికి ఉందో లేదో తెలుసుకోవడం మన ఇళ్ళలో ఆడవాళ్ళకు కొత్తేం కాదు. పాలు కాచి, గోరువెచ్చగా ఆరనిచ్చి, చిటికెన వేలు ముంచి చూసి, రెండు గిన్నెల్లో సమానంగా పోశాను. ఒకదాంట్లో అండాలమ్మ ఇచ్చిన పెరుగు ఒక చుక్క. ఇంకోదాంట్లో పొట్లం విప్పి పోసి కలిపాను. రెంటి మీదా పళ్ళాలు మూసి, పొయ్యి పక్కన ఒకే చోట పెట్టాను.

"ఇదేం పనిమే, మందును తోడు పెడతాండావు?" అంది అత్తమ్మ.

"చూస్తాం ఉండత్తా, బతికుంటే తోడుకుంటాది," అన్నాను.

పొద్దున మూత తీస్తే అండాలమ్మ పెరుగు వేసిన గిన్నె గడ్డకట్టి ఉంది. పొట్లం గిన్నెలో పాలు పాలుగానే ఉన్నాయి. బేకరీ ముందు నుంచి పోతుంటే వచ్చే వాసన లాంటిది కొంచెం వచ్చింది గానీ, దాన్ని నేను పట్టించుకోలేదు. రెండు గిన్నెలూ తీసుకెళ్ళి, షేవింగ్ చేసుకుంటున్న హరి ముందు పెట్టాను.

"చూడు. చచ్చిన మందు ఇచ్చింది మీ డాక్టరమ్మ."

"పాలు తోడుకోకపోతే డాక్టరు దొంగైపోతుందా?"

"బతికున్నదైతే ఎందుకు తోడుకోలేదో నువ్వు చెప్పు మరి."

ఆ ఇంట్లో ఎవరం చెప్పలేం. పుట్టినప్పటి నుంచి మా అందరికీ తెలిసిన పరీక్ష అదొక్కటే. పొట్లాలన్నీ చెత్తబుట్టలో పడేశాను. విజయ పొడి ఒక చెంచా బదులు ఒకటిన్నర చేశాను. "ఆకులు ఎవుర్నీ చంపవులేప్పా," అని అత్తమ్మ కూడా కొడుకుతో నా తరఫునే మాట్లాడింది.

ఆ రోజుల్లో నేను అనుమానించని మనిషి లేదు. అండాలమ్మ పైకొచ్చి, "దవాఖానల ఏమన్నరమ్మా?" అని అడిగితే, ఈమెకెందుకు అనుకునేదాన్ని. వీధిలో మా వైపు కుటుంబాలు రెండు ఖాళీ చేసి ఊరికి పోయాయి. "మీరు గూడ పోతరా ఏంది?" అని ఆమె ఒకసారి అడిగింది. పొమ్మంటోందనే నేను అర్థం చేసుకున్నాను. ఆమె పంపిన కూర గిన్నె మూత తీసి, వాసన చూసి, పక్కన పెట్టేశాను. అంత చేసిన మనిషిని, పొద్దున సాయంత్రం గోరువెచ్చని నీళ్ళలో ఆ పొడి మాత్రం గడగడా తాగేదాన్ని.

బతుకమ్మ రోజుల్లో పడిపోయాను. హరి ఆఫీసుకు పోయి ఉన్నాడు. వంటింట్లో నిలబడి ఉంటే పిక్కలు పట్టేశాయి, తర్వాత చేతివేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి, విప్పుదామన్నా రావడం లేదు. నేల మీద పడ్డాక గుండె ఒకసారి కొట్టుకోవడం మరిచిపోయి మళ్ళీ కొట్టుకుంటున్నట్టు తెలుస్తోంది. అయిపోయింది అనుకున్నాను. అత్తమ్మ అరుపులకు అండాలమ్మ పరిగెత్తుకొచ్చింది. వాళ్ళ మరిదికి ఆటో ఉంది. వాళ్ళిద్దరూ చెరో వైపు పట్టుకుని నన్ను ఆటోలో పడేశారు. అండాలమ్మ నా పక్కన కూర్చుంది, మా అత్తమ్మ తాళం వేసి తర్వాత వస్తానంది.

పెద్ద రోడ్డెక్కగానే ఆగిపోయాం. రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డున రాళ్ళు పేర్చి, పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గిన్నెల్లో అన్నం వండుతున్నారు. అక్కడే వండి, అక్కడే తిని, దారి మూసేసి కూర్చోవడం ఆ ఉద్యమంలో ఒక పద్ధతి. మైకులో పాటలు. జనం. నేను ఆటోలో మూలకు ముడుచుకుపోయాను. ఇక్కడ నేను నోరు తెరిస్తే ఏమవుతుందో అన్న భయం కడుపునొప్పిని కూడా మరిపించింది.

అండాలమ్మ దిగి వాళ్ళతో మాట్లాడింది. "మా కిరాయిదార్ల పిల్ల. పానం బాగలేదు. జర దారియ్యుండ్రి."

ఒక పెద్దాయన వంగి నన్ను చూసి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. గిన్నెలు జరపడానికి కొంచెం సేపు పట్టింది. ఆ లోపల పొయ్యి దగ్గర నుంచి ఒకామె గ్లాసు తెచ్చి, "ఉప్పేసిన మజ్జిగ, తాగు బిడ్డా," అంది. నేను పెదాలు బిగించేశాను. అండాలమ్మ నా మొహం చూసింది. ఆ చూపులో కోపం లేదు, అర్థమైపోయింది అంతే. గ్లాసు తీసుకుని, ఎత్తి ఒక గుక్క తన నోట్లో పోసుకుంది. తర్వాత నా నోటి దగ్గర పెట్టింది.

"ఇగ తాగు," అంది.

నోట్లో పోసుకున్నాను. ఆమె మరిదితో మాట్లాడటానికి అటు తిరగ్గానే చున్నీలోకి ఉమ్మేశాను. ఈ సంగతి అండాలమ్మకు ఈ రోజు వరకు చెప్పలేదు.

ఆసుపత్రిలో ఒంట్లో పొటాషియం అడుగంటిందని సెలైన్ ఎక్కించారు. హరి మాదాపూర్ నుంచి సగం దూరం నడిచి, సగం దూరం ఎవరి బండి మీదో వచ్చాడు. చొక్కా తడిసిపోయి ఉంది. మంచం పక్కన కూర్చుని చాలాసేపు నా ముడుచుకున్న వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతూ ఉన్నాడు. "మీ నాన్నది వచ్చిందనుకుంటున్నావా?" అన్నాడు ఉన్నట్టుండి. ఆయనకెట్లా తెలిసిందో నాకు తెలియదు. గట్టిగా ఏడ్చాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో అంత గట్టిగా ఎప్పుడూ ఏడవలేదు. కొంచెం తేరుకున్నాక కెమెరాతో చూశారు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. సమ్మె వల్ల రిపోర్టు ఆలస్యమవుతుందన్నారు.

రిపోర్టు కోసం ఎదురుచూస్తూ ఉండగానే విరేచనాలు ఆగిపోయాయి.

అందరూ సంతోషపడ్డారు. నేను పడలేదు. మా పనిలో అన్నిటికంటే భయపడాల్సింది, ఎవరూ బాగు చేయకుండా దానంతటదే బాగైపోయిన తప్పుకు. అది ఎక్కడికీ పోలేదని అర్థం. ఏం మారింది? పడుకుని అదే ఆలోచించాను. సెలైన్ ఒకటి. పొట్లం ఒకటి. అవును, అవే పొట్లాలు మళ్ళీ ఇచ్చారు, నేను మింగేదాకా నర్సు కదిలేది కాదు. అయితే ఆ చచ్చిన మందే పనిచేసిందా? అప్పుడు తోచింది, కొత్తగా చేరినవే లెక్కేస్తున్నాను గానీ లేకుండా పోయినదాన్ని లెక్కేయలేదని. ఆకుపచ్చ డబ్బా ఇంట్లో ఉండిపోయింది.

మర్నాడు అత్తమ్మ బట్టలు తెచ్చేటప్పుడు డబ్బా కూడా తెమ్మన్నాను. పొద్దున టిఫిన్ అయ్యాక ఎవరూ లేనప్పుడు ఒక చెంచా కలుపుకుని తాగాను. ఇది చదివి ఎవరూ ఇట్లా చేయకండి. నాకు వేరే దారి తెలియలేదు. తప్పును మళ్ళీ చేసి చూపించకపోతే నేనే నమ్మను.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అంతా మళ్ళీ మొదలైంది. నొప్పితో మెలికలు తిరుగుతూ, బాత్రూంలో కూర్చుని, నేను నవ్వాను. బయట అత్తమ్మ తలుపు కొడుతూ, "ఏమైందిమే, ఏమైంది?" అంటోంది. "నాన్నది కాదత్తా, డబ్బాది," అన్నాను. ఆమెకేం అర్థమై ఉంటుంది.

డాక్టరమ్మకు మాత్రం అంతా అర్థమైంది, చెప్పగానే నా మీద విరుచుకుపడింది. "మొన్న నీ గుండె ఆగిపోయేటట్టుండె. పొటాషియం ఎక్కించి నిలబెట్టినం. మళ్ల అదే తాగినవా? నేనడిగిన గద, ఇంకేం మందులు వాడుతున్నరని?"

"అది మందు కాదండి. ఆకులు."

ఆమె డబ్బా మూత తీసి వాసన చూసింది, చిటికెడు నాలుక మీద వేసుకుంది. "ఇండ్ల ఏముందో పరీక్ష చెయ్యకుండ నేను చెప్పలేను. కాని సునాముఖి లెక్కనే ఉంది. చిన్నప్పుడు మా అమ్మమ్మ పొట్ట కడగనీకి ఇచ్చేది. అది తాగితే విరేచనాలే అయితయి, అందుకే ఇస్తరు. నేను రాసే గోలీలల్ల గూడ చానా ఆకుల నుంచి, బెరడుల నుంచి వచ్చినయే. పనిజేసే ఆకైతే అది మందే. ఎంత తాగుతున్నవో తెల్వకుంటే విషం."

ఎలాగూ తిట్లు పడుతున్నాయి కదా అని, రెండు గిన్నెల సంగతి కూడా చెప్పేశాను. పాత సరుకు అనుకున్నానని కూడా చెప్పాను. ఎందుకట్లా అనుకున్నానో మాత్రం మింగేశాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది.

"అండ్ల ఉన్నది పెరుగుది కాదమ్మా. ఈస్టు. బ్రెడ్డు పొంగిస్తరు సూడు, ఆ జాతిది. బతికే ఉంటది, కరెంటు పోతే చచ్చేది గూడ కాదు. కాని పాలు తోడు పెట్టమంటే దానికెట్ల తెలుస్తది?"

బేకరీ వాసన గుర్తొచ్చి తల దించుకున్నాను. "అయితే అది నాకు పనిచేసిందాండి?" అని అడిగాను.

"చేసిందని నేను చెప్పను. ఆ డబ్బా ఆపినంకనే నీకు తగ్గింది. ఇది కొంచెం ఆసరా అయితే అయ్యుండొచ్చు," అంది. ఆ ఒక్క జవాబుకు ఆమె మీద నాకు గురి కుదిరింది. తన మందు గురించి తనే అనుమానంగా మాట్లాడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

రిపోర్టు వచ్చింది. నాన్న జబ్బు కాదు. హరి కాగితం చదివి వినిపిస్తుంటే మధ్యలో ఆపి, మళ్ళీ మొదటి నుంచి చదవమన్నాను. ఇంటికొచ్చిన రోజు అండాలమ్మ పెరుగు గిన్నె పట్టుకుని పైకొచ్చింది. "మీరు గూడ పోతరేమో అని పరేషానైన. మీ అత్త లేకుంటె నాకు పొద్దుపోదు," అంది. వాసన చూడకుండా తిన్నాను. అది నాకు పెద్ద పండగే.

దీపావళి వెళ్ళాక, సమ్మె కూడా ముగిశాక, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో విజయ ఉండే గదికి వెళ్ళాను. నాలుగు మాటలు కడిగేసి రావాలనే వెళ్ళాను, దాచడమెందుకు. ఆఫీసుకు కొన్నాళ్ళుగా రావడం లేదని విన్నాను. తలుపు తీసిన మనిషిని చూసి నా కోపం గడపలోనే ఆగిపోయింది. దవడల కింద గుంటలు. కళ్ళు లోపలికి పోయాయి. గోడ వారన ఆకుపచ్చ డబ్బాలు పేర్చి ఉన్నాయి, ఒకదాని మూత తీసి చెంచా వేసి ఉంది.

"రాక్కా. పడినావంట గదా. చెప్పినా గదా, విషం పోయేటప్పుడు అట్లే ఉంటాది," అంది నీరసంగా నవ్వుతూ.

"ఎన్నాళ్ళ నుంచి తాగుతాండావు నువ్వు?"

"నీకంటే ముందునించే. నాకు చానా విషం పట్టిందంట, ఇంగా పోవల్లన్నారు మీటింగులో సార్‌వాళ్ళు."

మోసం చేసిందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఈ పిల్ల నమ్మింది. నేను నమ్మినదానికంటే ఎక్కువ నమ్మింది. నేను అంతా చెప్పాను. డబ్బా ఆపితే ఆగిందని, తాగితే మళ్ళీ వచ్చిందని, లోపల బహుశా సునాముఖి ఉందని. విన్నంతసేపూ తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

"ఎవురు చెప్పినారక్కా నీకు? ఆ డాక్టరామెనా?" అని ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "ఆమెది ఏ ఊరు?"

వెయిటింగ్ హాల్లో నేను నర్సునడిగిన మాట, అదే గొంతుతో.

"ఆమె గాదు చెప్పింది. నేను. ఆపి చూసినా, మళ్ళా తాగి చూసినా. నాది ఏ ఊరో నీకు తెలుసు గదా," అన్నాను.

ఆమె పొట్ట పట్టుకుని లేచి, గోడ ఆసరాతో లోపలికి పోయింది. గడియ పడిన చప్పుడైంది. ఆ చప్పుడు తర్వాత లోపల మనిషి ఎట్లా కూర్చుని ఉంటుందో నాకు తెలుసు. నేను వంటగట్టు దగ్గరికి వెళ్ళి, కాచి ఉంచిన నీళ్ళలో ఉప్పూ చక్కెరా కలిపి, గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. చాలాసేపటికి వచ్చింది. చాప మీద కూలబడి, నేనిచ్చిన గ్లాసులోకి చూసింది. పట్టుకుంది గానీ నోటి దగ్గరికి పోనివ్వలేదు.

"ఏం కలిపినావక్కా దీంట్లో?"

"ఉప్పు, చక్కెర."

ఇంకా చూస్తూనే ఉంది. గ్లాసు ఆమె చేతిలోంచి తీసుకుని, ఎత్తి ఒక గుక్క పోసుకుని మింగాను. మళ్ళీ ఆమె నోటి దగ్గర పెట్టాను.

"ఇగ తాగు," అన్నాను.

విజయ నోట్లో పోసుకుంది. నేను అటూ ఇటూ తిరగలేదు. ఆమె గొంతు కదిలేదాకా దానివైపే చూస్తూ కూర్చున్నాను.